ఫైర్ స్టేషన్‌కు మా కౌన్సిల్ పంపిన మనిషి

ఫైరింజన్ మున్సిపాలిటీది కాదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఈ సంగతి గట్టిగా చెబుతుంటారు. ఎక్కడైనా మంటలు లేస్తే జనం మన ఆఫీసు మీదికి ఎందుకొస్తారని విసుక్కుంటారు. నిజమే, బండి రాష్ట్ర శాఖది, సిబ్బంది ఆ శాఖవాళ్లు. కాని ఆ బండిలోకి ఎక్కే నీళ్లు మనవి. అది వెళ్లే రోడ్డు మనది. ఆ రోడ్డు మీదికి రేకులు జరుపుకున్న దుకాణానికి లైసెన్సు ఇచ్చింది కూడా మనమే. అందుకే నేను పనిచేసిన మున్సిపాలిటీలో ఒక ఏర్పాటు ఉండేది. కౌన్సిల్ తన సభ్యుల్లో ఒకరిని ఫైర్ స్టేషన్‌కు ప్రతినిధిగా నియమించేది. ఆ సభ్యుడు అప్పుడప్పుడూ స్టేషన్‌కు వెళ్లి, మున్సిపాలిటీ వల్ల వాళ్లకు ఏం కావాలో తెలుసుకుని వచ్చి కౌన్సిల్‌లో చెప్పాలి.

నా ఇల్లు జహీరాబాద్‌లో. ఉద్యోగం చేసిన ఊరు రోజూ బస్సులో వెళ్లొచ్చేంత దూరం. ఆ ఊరి పేరు రాయను, మనుషుల పేర్లూ రాయను. రాయవలసిన తప్పు నాది కాబట్టి పేర్లు లేకపోయినా కథకు లోటేమీ ఉండదు.

ఆ ఆఫీసులో నేను మేనేజర్ని. కౌన్సిల్ సమావేశాలకు ఎజెండా తయారు చేయడం, సభ్యులకు నోటీసులు పంపడం, తీర్మానాలు రాయడం నా పని. ఫైర్ స్టేషన్ ప్రతినిధి నియామకం ఎప్పుడూ ఎజెండాలో ఆఖరి అంశం. అది వచ్చేసరికి చాయ్, మిర్చి బజ్జీలు లోపలికి వస్తుండేవి. ఆ పదవికి గది లేదు, బండి లేదు, శిలాఫలకం మీద పేరు పడదు. ఎవరూ అడగరు. అందుకని, ఎవరు మొదలుపెట్టారో తెలియదు గాని, ఒక అలవాటు స్థిరపడింది. ఆ రోజు సమావేశానికి రానివాళ్ల పేరు రాసేయడం. ఛైర్మన్ కండువా సర్దుకుంటూ "ఇయాల ఎవరు రాలే?" అని అడిగేవాడు. నేను పేరు చెప్పేవాణ్ణి. సభ్యులు నవ్వుతూ బల్లలు చరిచేవారు. ఏకగ్రీవం. అలా నియమితులైనవాళ్లలో కొందరికి తాము ప్రతినిధులమన్న సంగతి పదవీకాలం ముగిసేదాకా తెలియలేదు. ఎవరికీ తెలియజెప్పాలని నాకూ తోచలేదు.

ఒక సంవత్సరం రాని సభ్యురాలు మార్కెట్ వెనక వార్డు కౌన్సిలర్. మహిళలకు కేటాయించిన వార్డు. ఆమె ఇంట్లో మిషన్ మీద బడి పిల్లల యూనిఫాంలు కుట్టేది. భర్తకు హైవే మీద వెల్డింగ్ షాపు. ఆఫీసులో 'కౌన్సిలర్ సాబ్' అంటే ఆయనే. నా బల్ల పక్కన ఒక కుర్చీ ఆయనదన్నట్టుగా ఉండేది. నా దగ్గరున్న ఫోన్ నంబరు కూడా ఆయనదే. ఆ రోజు ఆమె రాకపోవడానికి కారణం, చిరాగ్‌పల్లిలో ఇచ్చిన కూతురికి దవాఖానలో కాన్పు.

మర్నాడు నియామకపు ఉత్తర్వు ఆమె భర్త చేతికిచ్చాను.

"ముబారక్ సాబ్, మీ ఇంటికి ఫైరింజన్ వచ్చింది" అన్నాను.

"మా ఇంట్ల పొద్దుగాల లేస్తె మంటలే గద సాబ్. ఆమెకే ఇయ్యాలె గీ పోస్టు" అని ఆయన పకపకా నవ్వి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కొన్నాళ్లకు ఆమె ఒక్కతే ఆఫీసుకు వచ్చింది. నల్ల బురఖా, చేతిలో బట్టల సంచి. భర్త కూర్చునే కుర్చీలోనే కూర్చుంది.

"ఫైర్ స్టేషన్‌కు పోయొచ్చిన సాబ్."

"ఎవరు, మీరా?" అన్నాను.

"నన్నే గద పంపింది? కాగితం మీద నా పేరే ఉండె. చదివిపిచ్చుకున్న."

స్టేషన్ ఆఫీసర్ ఆమెకు చాయ్ తెప్పించి, ఎవరూ ఎన్నడూ అడగని సంగతులు చెప్పాడట. మార్కెట్ వీధిలో బండికి నీళ్లు నింపుకునే చోటు ఒకటుండేది. నేలలో చిన్న గుంత, అందులో పెద్ద పైపు మూతి, వాల్వు, పైన ఇనప మూత. ఆ వీధిలో సిమెంటు రోడ్డు పోసినప్పుడు మూత మీదుగా పోసేశారు. అప్పటినుంచి బండి ఖాళీ అయితే హైవే దాటి పంప్‌హౌస్ దాకా వెళ్లి నింపుకుని రావాలి.

"బండిల నీళ్లు ఎంతసేపు వస్తయో ఎరుకేనా సాబ్ మీకు?" అంది.

తెలియదన్నాను.

"అన్నం ఉడికేంత సేపు గూడ రావంట. మల్ల పంప్‌హౌస్ పోయి రావాలె. చెరుకు ట్రాక్టర్లు అడ్డమొస్తె ఇంకింత లేటు. గంతసేపు ఎట్ల సాబ్ అని అడిగిన. 'దువా చేసుకోవాలె అమ్మా' అన్నడు ఆఫీసర్ సాబ్. ఎందుకు? రోడ్డు జర పగలగొట్టి మూత బయటికి తీస్తె అయిపాయె. గంతే."

ఎజెండాలో పెడతానన్నాను. ఆమె లేచి, నాకు సలాం చేసి వెళ్లింది. ఆ 'గంతే'లో ఏముందో ఆమెకు తెలియదు. నాకు తెలుసు. ఆ రోడ్డు ఛైర్మన్ మనిషి వేసింది. ప్రారంభోత్సవపు రాయి ఇంకా మెరుస్తూనే ఉంది. మూత మీద సిమెంటు పోస్తున్నప్పుడు చూసుకోవలసింది మా ఇంజనీరింగ్ విభాగం. బిల్లు దస్త్రం పైకి పంపింది నేను.

సాయంత్రం ఛైర్మన్‌కు చెప్పాను. చెడ్డవాడని చెప్పను. వచ్చే ఎన్నికల భయం ఉన్న మామూలు మనిషి.

"కొత్త రోడ్డు పగలగొడితె ఊరంత ఏమంటది మేనేజరన్నా? మనమే తప్పు చేసినమని డప్పు కొట్టుకున్నట్టు గాదా?" అన్నాడు. కాస్త ఆగి, "ఆమె మీటింగులకు వస్తదా ఏంది?" అని అడిగాడు.

అంతే అడిగాడు. మిగిలింది నేను అర్థం చేసుకున్నాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మీలో చాలామంది పై అధికారి ఆజ్ఞలకు భయపడతారు. నా అనుభవంలో అసలు ప్రమాదం ఆజ్ఞల్లో లేదు. ఆజ్ఞ ఇవ్వకముందే అందుకునే తెలివిలో ఉంది. ఆ తెలివి నాకు దండిగా ఉండేది. దానివల్లే మంచి మేనేజర్నని పేరు తెచ్చుకున్నాను.

వరుసగా మూడు సమావేశాలకు రాని సభ్యుడికి ఇలాంటి నియామకాలు రద్దవుతాయని మా కౌన్సిల్ పెట్టుకున్న నియమం ఒకటుంది. నోటీసులు నేను ఫోన్లలో పంపేవాణ్ణి. ఆమెవి ఆమె భర్త ఫోన్‌కు వెళ్లేవి. అంతవరకు అది నా బద్ధకం. ఆ తర్వాత అది నా ఉపాయం అయింది. నోటీసు పంపి, ఆయన కనిపించినప్పుడు, "కౌన్సిలర్ సాబ్, ఈసారి పెద్ద ముచ్చటేం లేదు. మేడం రాకపోయినా ఫికర్ లేదు" అనేవాణ్ణి. ఆయన నా మాట నమ్మాడు. నమ్మకపోవడానికి కారణమేముంది? ఏళ్లుగా పక్క కుర్చీలో కూర్చున్నవాడు.

మధ్యలో ఒకరోజు ఆమె ఆఫీసు మెట్ల మీద ఎదురైంది.

"మీటింగు ఎప్పుడు సాబ్? నా ముచ్చట ఎజెండాల పెట్టిన్రా?"

"ఇంకా తారీఖు ఖరారు కాలేదమ్మా. అయితే చెప్తా గద" అన్నాను.

అప్పటికే నోటీసు ఆమె భర్త ఫోన్లో ఉంది. నా ఉద్యోగంలో అర్ధసత్యాలు చాలా చెప్పాను, అందరూ చెబుతారు. కాని ఇది నిండు అబద్ధం. మెట్ల మీద, ఎండలో, ఒక మనిషి ముఖం చూస్తూ చెప్పాను. ఆమె "మంచిది సాబ్" అని, మర్యాదగా నాకు దారి ఇచ్చి పక్కకు నిలబడింది.

మూడు సమావేశాలు గడిచాయి. నాలుగోదానికి ఆమె వచ్చింది. మూడు మీటింగులైనా మూత సంగతి రాలేదేందమ్మా అని స్టేషన్ ఆఫీసర్ అడిగితే, మీటింగులు జరిగిన సంగతి తెలిసిందట. ఆఖరి అంశం, ఫైర్ స్టేషన్ ప్రతినిధి మార్పు. నేను చదివాను. ఆమె లేచి నిలబడింది.

"నేను ఎందుకు రాలే అని ఎవరన్న ఒక్కరు అడిగిన్రా?"

"నోటీసు పోయింది గదమ్మా" అన్నాడు ఛైర్మన్. "మేనేజరన్నా, పోయిందా లేదా?"

అందరూ నావైపు చూశారు.

"పోయింది సార్" అన్నాను.

"ఎవరికి పోయింది సాబ్?" అని ఆమె నన్నడిగింది.

నేను కాగితాలు సర్దుకున్నాను. వెనక వరుసలోంచి ఒక సభ్యుడు, "మీ ఇంటికే పోయిందమ్మా, పరాయి ఇంటికి పోయిందా?" అన్నాడు. నవ్వులు. ఆ నవ్వుల మధ్యే ఆమె అంది: "పేరు నాది, ఫోన్ ఆయనది. సరే. మూత సంగతన్న రాయిన్రి. నేను పోతె పోయిన, మూత పోవద్దు."

మూత సంగతి ఎజెండాలో లేదు కాబట్టి చర్చకు రాదని ఛైర్మన్ అన్నాడు. నియమం ప్రకారం అది సరైన మాటే. ఎజెండా రాసింది నేను. చాయ్ వచ్చింది. ఆ రోజు రాని మరో సభ్యుడి పేరు తీర్మానంలో రాశాను.

తర్వాత వారం, పట్టపగలు, మార్కెట్ వీధిలో రోడ్డు పగులుతోందని ఛైర్మన్ నాకు ఫోన్ చేశాడు. కమిషనర్ సెలవులో ఉన్నారు, ఇన్‌ఛార్జి నేనే. వెళ్లి చూస్తే వీధిలోని ఆడవాళ్లంతా గుమిగూడి ఉన్నారు. మధ్యలో భర్త, వెల్డింగ్ షాపు నుంచి తెచ్చిన డ్రిల్లింగ్ మిషన్‌తో సిమెంటు పగలగొడుతున్నాడు. ఆమె తట్టతో పెళ్లలు ఎత్తి పక్కన పోస్తోంది. నన్ను చూసి ఆయన మిషన్ ఆపాడు.

"రాండ్రి సాబ్. నా ఫోన్‌ల పడ్డ మెసేజీకి మా ఇంట్ల ఎంత లొల్లి అయిందో ఎరుకేనా? పది దినాలు రొట్టె పెట్టలే నాకు. పెద్ద ముచ్చటేం లేదంటిరి గద?"

నేను అనుమతి, నిబంధన అని ఏదో అనబోయాను.

"జర అటు జరుగున్రి సాబ్, కాలు మీద రాయి పడ్తది" అంది ఆమె.

జరిగాను. కాసేపటికి ఇనప మూత బయటపడింది. ఎవరో బిందెతో నీళ్లు తెచ్చి దాన్ని కడిగారు. ఆడవాళ్లు ఒకరి భుజం మీద ఒకరు చరుచుకుంటూ నవ్వారు. నేను అక్కడినుంచి పోలీస్ స్టేషన్‌కు వెళ్లి, అనుమతి లేకుండా మున్సిపల్ రోడ్డు తవ్వించి ధ్వంసం చేసిందని ఆమె మీద ఫిర్యాదు ఇచ్చాను.

ఛైర్మన్ ఇమ్మన్నాడు, ఇచ్చాను. అలా చెప్పుకోవచ్చు. కాని వాక్యాలు నావి. ఆమె మొన్నటిదాకా కౌన్సిల్ ప్రతినిధి అని రాయవచ్చు. ఈ లోపం ముందే మా దృష్టికి తెచ్చిందని రాయవచ్చు. రోడ్డు కింద ఏముందో రాయవచ్చు. ఏదీ రాయలేదు. నాకు ఆఫీసు తెలుగు బాగా రాస్తానని పేరు. ఆ రోజు చాలా బాగా రాశాను.

దాని ఫలితం ఒకటి నేను ఊహించనిది. పోలీసులు వచ్చి పంచనామా చేసి, కేసు తేలేదాకా ఆ చోటును ముట్టుకోవద్దన్నారు. మళ్లీ సిమెంటు పోయించాలనుకున్న ఛైర్మన్‌కు చేతులు కట్టేసినట్టయింది. ఊరి నీళ్ల మూతిని తెరిచి ఉంచింది నా ఫిర్యాదేనని, నన్ను నేను ఓదార్చుకోవడానికి చాలాకాలం చెప్పుకున్నాను. ఎంత చెప్పుకున్నా అది పుణ్యం ఖాతాలో పడలేదు.

ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఆ వీధిలోనే పరుపుల దుకాణం అంటుకుంది. దూది. ఒక నిమిషం పొగ, మరునిమిషం కప్పుదాకా మంట. ఆఫీసు నుంచి పరుగెత్తి వెళ్లాను. బండి అప్పటికే వచ్చి నీళ్లు కొడుతోంది. దుకాణం వెనక గోడకు గోడ ఆనుకుని ఇళ్లు. నీళ్లు తగ్గి, ధార సన్నబడి, మంట గోడ మీదుగా వెనక్కి వంగుతున్నప్పుడు బండి కదిలింది. జనం, "పోతున్నడు, పోతున్నడు" అని కేకలు వేశారు. బండి ఎక్కడికీ పోలేదు. వీధి మలుపులో ఆ గుంత దగ్గర ఆగింది. పైపు తగిలించారు, నింపుకున్నారు, వెనక్కి వచ్చారు. మళ్లీ ఖాళీ అయింది, మళ్లీ అక్కడే నింపుకున్నారు. వెనక ఇళ్లకు మసి తప్ప ఏమీ కాలేదు. ఆమె ఆ ఇళ్లలోంచి ముసలివాళ్లను చేయి పట్టి బయటికి తెస్తోంది. నన్ను దాటి వెళ్తూ, "సాబ్, అటు తాతొకాయన మంచం మీద ఉన్నడు, ఇద్దరిని పంపున్రి" అంది. పంపాను. ఆమె మీద కేసు పెట్టినవాణ్ణి నేనేనని ఆ క్షణంలో ఆమెకు గుర్తున్నట్టు లేదు. నాకు గుర్తుంది.

మున్సిపాలిటీ ముందుచూపు వల్ల పెద్ద ప్రమాదం తప్పిందని మర్నాడు పత్రికల్లో వచ్చింది. ఆ ప్రకటన రాసిచ్చింది ఎవరో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

కేసు మాత్రం నడుస్తూనే ఉంది. మంట ఆరిందని, ఇక ఈ కేసు ఎందుకని నేను ఛైర్మన్‌ను అడగలేదు. అడిగితే బహుశా సరేననేవాడు. ఆమె వాయిదాలకు జహీరాబాద్ కోర్టుకు వచ్చేది. చెట్టు కింద బెంచీ మీద, బట్టల సంచిలోంచి గుండీలు తీసి చొక్కాలకు కుట్టుకుంటూ కూర్చునేది. ఈలోగా ఆమె పదవీకాలం ముగిసింది. హజ్ యాత్రకు తీసిన డ్రాలో భార్యాభర్తల పేర్లు వచ్చాయి. ఎన్నో ఏళ్లుగా ఎదురుచూస్తున్న యాత్ర. కాని ఆమె పాస్‌పోర్టు గడువు తీరబోతోంది, కేసు ఉండగా కొత్తది రాదు. లోక్ అదాలత్‌లో తప్పు ఒప్పుకుని జరిమానా కట్టేస్తే ఆ రోజుతో తేలిపోతుందని ఆమె వకీలు చెప్పాడు.

ఆ రోజు ఫిర్యాదుదారుగా నన్నూ పిలిచారు. ఆమెకు రెండడుగుల దూరంలో నిలబడ్డాను.

"రోడ్డు తవ్వినమాట నిజమేనా అమ్మా?" అని జడ్జిగారు అడిగారు.

"నిజమే సాబ్. పగలగొట్టిన."

"తప్పని ఒప్పుకుంటున్నారా?"

వకీలు వంగి ఆమె చెవిలో ఏదో అన్నాడు. భర్త నేల చూస్తున్నాడు. జడ్జిగారు ఓపికగా మళ్లీ అడిగారు. ఆమె బురఖా అంచు చేతిలో నలుపుతూ నిలబడింది.

"తప్పే సాబ్" అంది.

జడ్జిగారు రాసుకున్నారు. తర్వాత నావైపు తిరిగి, "మున్సిపాలిటీ తరఫున మీరేమైనా చెప్పేది ఉందా?" అన్నారు.

ఉంది. చాలా ఉంది. నోటీసులు ఎవరి ఫోన్‌కు పంపానో ఉంది, మెట్ల మీద చెప్పిన అబద్ధం ఉంది, పరుపుల దుకాణం ఉంది. అవన్నీ గొంతు దాకా వచ్చాయని రాస్తే నాకు గౌరవంగా ఉంటుంది. రాలేదు. ఆ క్షణంలో నాకు కనిపించింది, దగ్గరికొచ్చిన నా రిటైర్మెంటు, ఏ మచ్చా లేని నా సర్వీసు.

"ఏం లేదు సార్" అన్నాను.

తర్వాత కొద్దికాలానికి దండలు, శాలువాలతో నన్ను సాగనంపారు. నా నిజాయితీ గురించి, అప్పటికి మాజీ అయిన ఛైర్మన్ మాట్లాడాడు.

ఇలా కాగితం మీద ఒప్పుకోవడం పెద్ద పనేమీ కాదు. ఎదురుగా ఒప్పుకునే అవకాశం ఒకసారి తనంతట తానే నడిచి నా ఇంటికి వచ్చింది.

హజ్‌కు వెళ్లేముందు మా ప్రాంతంలో ముస్లింలు తెలిసినవాళ్ల ఇళ్లకు వెళ్లి క్షమాపణ అడుగుతారు. అన్నవీ విన్నవీ ఏమైనా ఉంటే మాఫ్ చేయమని. లెక్కలన్నీ ఇక్కడే తేల్చుకుని తేలిక గుండెతో బయలుదేరాలని. మా వీధిలోవాళ్లు మా ఇంటికి అలా చాలాసార్లు వచ్చారు. ఒక సాయంత్రం భార్యాభర్తలిద్దరూ ఆ ఊరి నుంచి బస్సులో జహీరాబాద్ వచ్చి, ఇల్లు వెతుక్కుని, నా తలుపు తట్టారు.

నా భార్య చాయ్ ఇచ్చింది. వాళ్ల మనవరాలి చదువు, కొత్త పాస్‌పోర్టు, అక్కడి ఎండలు, ఏవో మాట్లాడుకున్నాం. చాయ్ అయ్యాక ఆమె గ్లాసు కింద పెట్టి, రెండు చేతులూ ఒడిలో పెట్టుకుంది.

"కహా సునా మాఫ్ కర్నా సాబ్. మీటింగుల నేను జోరుగ మాట్లాడిన. ఇంట్ల కూసొని మీకు శాపాలు గూడ పెట్టిన, అబద్ధమెందుకు చెప్పాలె. అల్లా ఇంటికి పోతున్న. మనసుల ఏం పెట్టుకోకున్రి. మాఫ్ చెయ్యిన్రి."

"అయ్యో, అంత మాటెందుకమ్మా! మాఫ్ చేసిన, మాఫ్ చేసిన. సల్లగ పోయి రాండ్రి" అన్నాను.

ఆమె వెంటనే లేవలేదు. ఆ మాట విన్నవాళ్లు తిరిగి అదే మాట అడగడం మా దగ్గర మర్యాద. నువ్వూ నన్ను మాఫ్ చెయ్యి అని. మా పొరుగువాళ్లకు ఎన్నోసార్లు నేనే అలవాటుగా అన్నమాట అది. ఆమె కళ్లెత్తి నావైపు చూసింది. కోపం లేదు, నిలదీయడం లేదు. ఊరికే చూస్తూ కూర్చుంది. ఫ్యాను తిరుగుతోంది. నా భార్య గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లింది. భర్త గోడ గడియారం చూసి, "బస్సు టైమైంది, చలో" అన్నాడు. అయినా ఆమె మరికాసేపు కూర్చుంది.

నేను లేచి తలుపు తీశాను. మెట్ల దాకా వచ్చాను. నేను ఎవరికి తప్పు చేశానో ఆ మనిషిని, నేనే క్షమించి పంపించాను.